నడ్మకెల్లి అడిగితే

శామీర్‌పేట
14 జూన్ 1998

తమ్మీ మధూ,

బడి తెరిచిండ్రు. సైన్సు సారు బదిలీ అయిపోయిండు, కొత్తాయన రాలేదు. సోషలు చెప్పే నా నెత్తి మీదనే సైన్సు కూడ పెట్టిండు మా హెడ్మాస్టరు. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది.

నీకు ఒక మాట చెప్పాలని రాస్తున్న. ఫోన్ల చెప్పొచ్చు గని, మా ఇంటి ఓనరోళ్ళ ఫోను వాళ్ళ ముందరి గదిల ఉంటది. నేను హలో అంటే టీవీ బందు చేసి మరీ వింటరు.

మీ మందుల ఫ్యాక్టరీల కొత్తగ తీసుకున్న పిల్లలల్ల అభిలాష్ అని ఒకడు ఉన్నడు. తూంకుంట సత్తయ్య కొడుకు. సత్తయ్య ద్రాక్షతోట కరీంనగర్ రోడ్డు మీదికే కనపడేది, నీకు యాదికుండాలె. బోర్లు ఎండి తోట మొత్తం పోయింది. పిలగాడు ఆరుకెల్లి పది దాక నా దగ్గరనే చదివిండు. ఇరవై రెండేండ్ల నౌకరిల అసొంటోన్ని నేను చూడలే. ఒక్కసారి వినిపిస్తే చాలు, పేజీకి పేజీ అప్పజెప్తడు, కామా కూడ పోదు. బీఎస్సీల ఫస్టు క్లాసు. మీ ఫ్యాక్టరీల ట్రైనింగు ఆఫీసరువు నువ్వే కద, వాడు నీ చేతి కిందికే వచ్చిండని తెలిసి నా కడుపు నిండింది. సొంత పిలగాని లెక్క చూసుకో.

భవిత డిగ్రీ పరీక్షలు అయిపోయినయ్. మీ బావ మంచిగున్నడు. నువ్వు వేళకు తింటున్నవా?

అక్క


గాజులరామారం
2 ఆగస్టు 1998

అక్కా,

జవాబు రాసేతందుకు ఇన్నొద్దులు పట్టింది, కోపం జేసుకోకు.

మొదలు మంచి మాట. రాతపరీక్షల నీ అభిలాష్‌కు నూటికి తొంభై ఆరు. కంపెనీ పెట్టినకాడికెల్లి ఎవ్వలకు అన్ని రాలే. మా మేనేజర్ భాస్కర్ సారు ఆ పేపరు పట్టుకొని ఆఫీసంత తిప్పిండు.

ఇగ రెండో మాట. రియాక్టర్ అంటే మనిషికన్న పెద్ద ఇనుప గుండిగ అనుకో. లోపట మందులు కలుస్తుంటే దానంతట అదే ఏడెక్కుతది. చుట్టూ సల్లనీళ్ళు తిరుగుతుంటయ్ గన్కనే ఊకుంటది. ఆ నీళ్ళు ఆగితే, నిలవడి ఆలోచన జేసేటంత టైము ఉండదు. ఐదు పనులు జెయ్యాలె. ఏడి జేసే స్టీము గొట్టం కట్టాలె, మందు పడుడు ఆపాలె, పై ట్యాంకు నీళ్ళు ఇడవాలె, పొగ గొట్టం తెరవాలె, గంట కొట్టాలె. పిలగానికి ఇదంత నోటికి వచ్చు. గడగడ సదివిండు. నేను నడ్మల ఆపి, 'స్టీము కట్టే ఉన్నదనుకో. మందు పడ్తనే ఉన్నది. అప్పుడేం జేస్తవ్?' అన్న.

వాడు నా దిక్కు జూసిండు. కండ్లు మూసుకున్నడు. 'మొదటగా ఆవిరి కవాటమును మూసివేయవలెను' కాడికెల్లి మల్ల షురూ జేసిండు. మల్ల ఆపిన. మల్ల మొదటికే పోయిండు.

నాకు భయమైంది అక్కా. ఈ పిలగాడు ఒక్కడే రియాక్టర్ మీద నిలవడొచ్చు అని నెలాఖరుకు నేను సంతకం పెట్టాలె.

మధు


శామీర్‌పేట
11 ఆగస్టు 1998

మధూ,

తొంభై ఆరు మార్కులు వచ్చినోన్ని చూసి భయమైందని రాస్తవు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు.

నిలవెట్టి అడిగితే ఎవ్వరైనా తడవడతరు. నువ్వు ఇనుప టోపీ పెట్టుకొని ఎదురుంగ నిలవడితే నాకే మాట రాదు. వాడు మెత్తని పిలగాడు. చదువు ముందు నోటికి రావాలె, నోటికి వచ్చినంక చేతికి వస్తది. నా పిల్లలు పోస్టాఫీసులల్ల ఉన్నరు, బ్యాంకులల్ల ఉన్నరు, మిలట్రీల ఉన్నరు. ఎవ్వరు ఏదీ పేల్చలే.

ఒక మాట అంటా, ఏమనుకోకు. నీకు చిన్నప్పటికెల్లి పుస్తకంతోని పడదు. బావిమోటరు ఇప్పి ముంగట పోసుకుంటేనే నీకు బుర్రకెక్కేది. గట్ల నేర్చుకోనోడు నీ కండ్లకు చదువురానోని లెక్క కనపడ్తున్నడా?

కొన్నొద్దులు చూసి సంతకం పెట్టు. నా మాట మీద పెట్టు. ఇంతకన్న ఎక్కువ రాయలేను.

అక్క


గాజులరామారం
30 ఆగస్టు 1998

అక్కా,

నీ మాట నన్ను మస్తు పరేషాన్ జేసింది. నిజంగనే నా లెక్క నేర్చుకోనోడు నా కంటికి ఆనుతలేడా అని నాతోని నేనే కొట్లాడిన. అందుకే ఇంకో తీరుగ జూసిన.

రియాక్టర్ల మందుల బదులు ఉత్త నీళ్ళు పోయించి, ఎవ్వలకు చెప్పకుంట సల్లనీళ్ళ పంపు బందు పెట్టిన. ఎర్ర బల్బు ఎలిగింది. ఒకల ఎనుక ఒకల్ని తోలిన.

అభిలాష్ వచ్చిండు. బల్బు జూసిండు. చేతులు రెండు ఏలాడేసి కండ్లు మూసిండు. పెదవులు కదులుతున్నయ్, చెయ్యి కదుల్తలేదు. ముల్లు ఎర్ర గీత దాటింది. 'అభిలాష్, చెయ్యి కదుపు!' అని ఒర్లిన. ఉలిక్కిపడి మల్ల మొదటి వాక్యం అందుకున్నడు. నేనే పోయి స్టీము కట్టేసిన.

వాని ఎనుక ఇస్తారి. కౌకూర్ పిలగాడు, పదో తరగతి ఫెయిలు, మా రాతపరీక్షల ముప్పై కూడ దాటలే. బల్బు జూసుడే ఆలస్యం, ఐదు పనులు చకచక జేసిండు. నేను సంబురపడి, అదే పని పక్క రియాక్టర్ కాడ జేపిచ్చిన. దాని గొట్టాలు కుడి ఎడమలు మారి ఉంటయ్. అదే ధైర్యంతోని పోయి కట్టాల్సిన దాన్ని తెరిచిండు. ఎందుకు తెరిచినవురా అంటే 'గాడ గిట్లనే ఉండె సార్' అన్నడు.

ఇద్దరికి ఇంక నేర్పాలె అక్కా. ఇద్దరికి ఒకే తీరుగ నేర్పితే రాదు. కంపెనీకి గదంత అక్కరలేదు. రాతల అరవై వస్తే పాసు. గందుకే ఇస్తారిని గొట్టాలకు రంగులేసే పనికి తోలిండ్రు. అభిలాష్‌ను రియాక్టర్ మీద నిలవెట్టుమంటున్నరు.

నేను సంతకం పెట్టలే.

మధు


శామీర్‌పేట
6 సెప్టెంబర్ 1998

మధుసూదన్,

చెప్పొద్దనుకున్న మాట నువ్వే చెప్పిస్తున్నవు.

అభిలాష్‌కు మన భవితను ఇద్దామని ఎండకాలంలనే మాట అనుకున్నం. నీకెందుకు చెప్పలేదంటే, మేనమామవు గన్క మొహమాటానికి మార్కులేసినవని రేపు ఎవ్వరూ అనొద్దని. వాడు సొంతంగనే గెలుస్తడని నాకు అంత నమ్మకం.

సత్తయ్య ఒక్కటే మాట మీద ఉన్నడు. నౌకరి పర్మినెంటు అయినంకనే లగ్గం. తోట పోయినంక ఆ ఇంటికి మిగిలింది ఆ పిలగాని చదువొక్కటే. మాఘంల చేద్దామనుకున్నం. భవితకు వాడంటే ఇష్టం. అడిగితే తలవంచుకోకుంట నా మొకం చూసి చెప్పింది.

నువ్వు ఫెయిలు చేసింది వాన్ని కాదు, నన్ను. నేను చెప్పిన చదువంత ఉత్తదని ఆ ఎర్ర బల్బు కింద నిలవెట్టి రుజువు చేసినవు. మొన్న బడిల పాఠం చెప్తుంటే నా మాట నాకే వింతగ వినవడ్డది. తృప్తిగ ఉన్నదా?

నిన్ను ఎన్నడు ఏదీ అడగలే. ఇప్పుడు అడుగుతున్న. సంతకం పెట్టు. పెట్టకపోతే నా బిడ్డ లగ్గానికి నువ్వు రావల్సిన పని లేదు.

లక్ష్మీకాంతమ్మ


గాజులరామారం
16 సెప్టెంబర్ 1998

అక్కా,

నీకు కోపం రాకుంట రాసే తెలివి నాకు లేదు. అయింది రాస్తున్న.

నేను పెట్టకపోతే భాస్కర్ సారే పెట్టిండు. తాత్కాలికం అని రాసిండు. వచ్చే సోమారం కెల్లి అభిలాష్ రెండో షిఫ్టుల ఒక్కడే. పర్మినెంటు కాగితం మీద మటుకు నా సంతకమే కావాలె, గది కంపెనీ రూలు. నువ్వు అడిగిన దాంట్ల సగం అయింది.

భవిత సంగతి తెల్సినంక నాకు బువ్వ లోపటికి పోతలేదు. లగ్గానికి రావొద్దన్నవని కాదు. మన పిల్ల బతుకు తీస్కపోయి ఆ గుండిగ పక్కకు పెడ్తున్నమని.

నన్ను జూస్తేనే వాడు వణుకుతుండు. నీ మాట ఇంటడు. ఒక్కసారి కూసోవెట్టుకొని నడ్మకెల్లి అడుగు. గంతే. అడిగినంక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

మధు


శామీర్‌పేట
21 సెప్టెంబర్ 1998

మధూ,

పోస్టుల వేస్తే ఆలస్యమైతదని మీ బావ చేతికిచ్చి పంపుతున్న.

నిన్న ఐతారం అభిలాష్‌ను ఇంటికి పిలిచిన. నీది తప్పని చూపిద్దామనే పిలిచిన. చాయ తాగినంక నీ ప్రశ్ననే అడిగిన. 'స్టీము కట్టే ఉన్నది, మందు పడ్తనే ఉన్నది. ఏం చేస్తవు?'

వాడు కండ్లు మూసుకున్నడు మధూ. ఆరో తరగతిల కూడ గిట్లనే మూసుకునేటోడు. నేను మిగిలిన పిల్లలకు చూపించి, ఎంత ఏకాగ్రతో చూడుండ్రి అనేదాన్ని.

ఇంక వదలలే. సోషలు అడిగిన, సైన్సు అడిగిన. మొదలు అందిస్తే వరద. నడుమ అడిగితే ఎండిన బోరు. చివరికి వాడే అన్నడు, 'మీరెన్నడు నడుమ అడగలే కద టీచర్.' నిష్ఠూరంగ అనలే, ఉన్నమాట అన్నడు. 'ఆ బల్బు వెలిగితే నాకు మాటలు వినవడ్తయ్ టీచర్, చెయ్యి ఎటు పోవాల్నో కనవడదు. రేపటికెల్లి ఒక్కన్నే. నాయినకు ఎట్ల చెప్పాలె?' అని ఏడ్చిండు. అంత పెద్ద పిలగాడు నా ముంగట ఏడుస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో నాకు తెల్వలే.

భవిత తలుపు కాడ వింటున్నది. వచ్చి ఎదురుంగ కూసున్నది.

'స్టీము ఎందుకు కడ్తరు?' అన్నది.

'అది మొదటి వాక్యం గన్క.'

'అది కాదు. కట్టకపోతే ఏమైతది?'

వాడు ఆలోచించిండు. 'వేడి ఇంక పెరుగుతది.'

'మరి మందు ఎందుకు ఆపుతరు?'

గట్ల ఒకదాని వెనుక ఒకటి, కథ చెప్పించుకున్నట్టు అడిగింది. పొద్దు వంగే వరకు ఎక్కడ ఆపితే అక్కడికెల్లి అందుకునుడు మొదలు పెట్టిండు. వాడు చెవితోని నేర్చుకుంటడని నాకు ఎప్పుడో తెల్సు. ప్రతి మాటకు ఒక 'ఎందుకు' తగిలిస్తేనే వానికి అది నిలుస్తదని ఇన్నేండ్లు తెల్వలే.

వాకిట్ల సుద్దముక్కతోని గొట్టాలు గీసినం, బకెట్లు పెట్టినం, నోటితోని చెప్పుకుంట చేయించినం. నోటికి వస్తున్నది, కని ఇంక చేతికి రాలే. రోజు నేను బడికి పోయేముందు వస్తనన్నడు.

సంతకం పెట్టు అని రాసిన చేతితోనే రాస్తున్న. వాన్ని ఆ పని మీదికెల్లి దించు. ఏమన్న చెయ్యి, ఎవ్వరి కాళ్ళన్న పట్టుకో.

అక్క


గాజులరామారం
12 అక్టోబర్ 1998

అక్కా,

ముందు ఇది సదువు. అభిలాష్ మంచిగున్నడు.

నీ ఉత్తరం అందినప్పుడే భాస్కర్ సారు కాడికి పోయిన. దించనన్నడు. ఇగ రోజు రెండో షిఫ్టు టైముకు ఏదో ఒక పని పెట్టుకొని నేను ఆడిఆడనే తిరుగుతున్న.

శుక్రారం మధ్యాన్నం కరెంటు పోయింది. జనరేటర్ అందుకోలే. సల్లనీళ్ళ పంపు ఆగింది. ఈసారి గుండిగల ఉన్నది ఉత్త నీళ్ళు కాదు.

నేను ప్యాకింగు కాడ ఉంటి. ఉరికిన. నేను పోయేవరకు అభిలాష్ స్టీము కట్టేసిండు. 'ఏడి పెరుగుతది, గందుకే ఇది కట్టాలె' అని నోటితోని అనుకుంటనే ఉన్నడు. కండ్లు తెరిచే ఉన్నయ్. మందు ఆపిండు. పై ట్యాంకు నీళ్ళు ఇడిసిండు. ముల్లు ఎక్కుతనే ఉన్నది. పొగ గొట్టం తెరిచిండు. ముల్లు ఆగింది. ఎనుక మెల్లగ దిగుడు వెట్టింది.

గంట కొట్టలే.

పొగ గొట్టం పోయేది షెడ్డు మీదికి. ఆడ ఇస్తారి రంగేస్తున్నడు. గంట ఇంటే దిగిపోయేటోడు. మెడ మీద, ఎడమ చెయ్యి మీద ఆవిరి కొట్టింది. దవాఖానల ఉన్నడు. పానానికి ఏం కాదన్నరు. చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేమన్నరు.

అభిలాష్ ఆడికెల్లి కదుల్తలేడు. గంట ఎందుకు కొట్టలేరా అని అడిగిన. 'వాకిట్ల గంట లేకుండె సార్' అన్నడు.

భాస్కర్ సారుకు ఇదంత పట్టలే. రియాక్టర్ పేలలే, సరుకు పాడుగాలే. అభిలాష్‌కు శాలువ కప్పిండు. పర్మినెంటు కాగితం నా బల్ల మీద పెట్టి 'ఇప్పుడేమంటవ్?' అన్నడు. ఐదుల నాలుగు జేసిండక్కా. నేను నేర్పలేంది నువ్వు, భవిత నేర్పిండ్రు. నా చెయ్యి పెన్ను మీదికి పోయింది కూడ. కని దవాఖానల ఇస్తారి తల్లి నన్ను పట్టుకొని అడిగింది, 'మా వోన్ని ఎందుకు పైకి ఎక్కిచ్చిండ్రు బిడ్డా?' అని. రాతపరీక్షల మార్కులు రాలేదని చెప్పాల్నా నేను?

కాగితం ఇంక బల్ల మీదనే ఉన్నది. ఈసారి నువ్వే చెప్పు.

మధు


శామీర్‌పేట
17 అక్టోబర్ 1998

మధూ,

సంతకం పెట్టకు.

వాకిట్ల మేం ముగ్గురమే ఉంటిమి. గంట ఎవ్వరికి కొట్టాలె అనుకున్న. చదివిచ్చుడు చదివిచ్చిన గని, చేయిచ్చుడు వదిలిపెట్టిన. నేను చేయించినవి వాడు ఒక్కటి తప్పలే. చేయించనిది చెయ్యలే. మొన్న దవాఖానకు పోయి ఇస్తారిని చూసొచ్చిన. అభిలాష్ నోట విన్నడేమో, మెడ తిప్పలేకుంటనే నమస్తే టీచర్ అన్నడు.

సత్తయ్య ఇంటి మీదికొచ్చిండు. 'శాలువ కప్పిచ్చుకున్నోనికి సంతకం పెట్టడా మీ తమ్ముడు? మా పొట్ట కొడ్తే ఏమొస్తది?' అని వాకిట్ల నిలవడి ఒర్లిండు. వేరే సంబంధం చూసుకుంటం అన్నడు. అభిలాష్ నడుమకొచ్చి, 'నాయినా, నాకు పూర వస్తలేదు. వచ్చినంకనే పెట్టుమని సారుకు నేనే చెప్పిన' అన్నడు. చెప్పిండా నీకు? నాకైతే అప్పటికప్పుడు అన్నట్టే అనిపిచ్చింది. సత్తయ్య కొట్టేటందుకు చెయ్యెత్తిండు. దించిండు. చెప్పులు కూడ వేసుకోకుంట పోయిండు.

భవిత నాతోని, 'చూసుకోనియ్ అమ్మా. ఒకని మెడ కాలినంక నేను జల్దీ జల్దీ పసుపు బట్టలు కట్టుకోలేను' అన్నది. ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. ఏడిస్తేనే మంచిగుండు.

నా బడి సంగతి కూడ విను. పదో తరగతికి మూణ్ణెల్ల పరీక్షల ప్రశ్నలన్ని తిరగేసి అడిగిన. ఎప్పుడు ఫస్టొచ్చేటోళ్ళు ముగ్గురు తెల్ల కాగితాలు ఇచ్చిండ్రు. అశ్రిత అని ఒక పిల్ల ఉన్నది, ఎన్నడు పాసుకాలే. రాస్తే రాదు టీచర్, చెప్తా అన్నది. బోర్లు ఎందుకు ఎండుతయో నాకే విడమర్చి చెప్పింది. మార్కులేసిన. ఫస్టొచ్చేటోళ్ళ తల్లిదండ్రులు హెడ్మాస్టరు మీదికి పోయిండ్రు. నాకు మెమో వస్తదంటున్నరు. రానియ్.

కాగితం చింపకు, పక్కకు పెట్టు. వాన్ని మల్ల నిలవెట్టి పరీక్ష చెయ్యి. ఓడిపోతే ఓడిపోయిండనే రాయి. నువ్వు ఏది రాసినా ఈ ఇంటికి నువ్వే మేనమామవు.

అక్క


గాజులరామారం
21 మార్చి 1999

అక్కా,

అభిలాష్ పరీక్ష నిన్న అయింది. ఒక్క మాటల చెప్పొచ్చు గని నువ్వు అంత ఇనాలె.

డిసెంబర్ల వాడు ఓడిపోయిండు, నీకు తెల్సిందే. గంట యాది పెట్టుకున్నడు, ట్యాంకు నీళ్ళు మర్చిండు. అప్పటికెల్లి హెల్పరుగనే చేస్తుండు. సర్కారు ఇన్‌స్పెక్టరు వచ్చి, రంగేసేటోడు కాలుతుంటే గంట ఎందుకు మోగలేదని అడిగినంక భాస్కర్ సారు మెత్తబడ్డడు. పరీక్ష నన్నే మార్చుమన్నడు. ఇప్పుడు రాసేటోడు రాస్తడు, నోటితోని చెప్పేటోడు చెప్తడు. చేసి చూపెట్టుడు మటుకు అందరికి తప్పది. ఇస్తారి నోటితోని చెప్పి పోయిన నెలనే పాసైండు. ఎడమ చేతి ఏళ్ళు రెండు ఇంక మడ్తవడవు. దానికి నా కాడ జవాబు లేదు.

నిన్న నేను పంపు జోలికి పోలే. మందు పడే వాల్వు ఇరుక్కున్నట్టు జేసిన. అది మా కాగితాలల్ల ఏడ లేదు, వానికి ఎవ్వలు నేర్పలే. లోపట ఉన్నది ఉత్త నీళ్ళే.

వాడు వాల్వు తిప్పిండు. తిరగలే. మల్ల తిప్పిండు. ఆగిండు. ఇగ కండ్లు మూసుకుంటడు అనుకున్న. మూసుకోలే. పోయి గంట కొట్టిండు. 'నాకు తెల్వనిది ఏదో అయితాంది, అందరు దూరం పోవాలె' అని గట్టిగ అరిచిండు. ఎనుక గుండిగ కాడికొచ్చి, నేను ఇంటున్ననో లేదో చూడకుంట, తనలో తనే మాట్లాడుకుంట ఒక్కొక్కటి తడుముకున్నడు. మందు ఆగుతలేదు, అయితే మందు తెచ్చే పంపునే ఆపాలె. ఆపిండు. ఏడి దిగాలె, అయితే స్టీము. అయితే నీళ్ళు. పైకి జూసి షెడ్డు మీద ఎవ్వలు లేరని ఖాయం జేసుకున్నంకనే పొగ గొట్టం మీద చెయ్యేసిండు.

సంతకం పెట్టిన. కాగితం ఇస్తే వాడు దాని దిక్కు చూడలే. నా కాళ్ళ కాడికి ఒంగి, 'మామా' అన్నడు. గప్పటిదాక సార్ అనేటోడు.

గేటు బయట సత్తయ్య ఉన్నడు. పొద్దటికెల్లి ఆడనే నిలవడ్డడట. నన్ను జూసి ముందు మొకం తిప్పుకున్నడు. ఎనుక ఉండలేక అడిగిండు.

'పాసైండా?'

'ఐండు.'

'మార్కులెన్ని?'

'మార్కులు లేవు.'

'మార్కులు లేకుంట పాసైండని ఎట్ల నమ్మాలె?'

'రేపటికెల్లి వాని షిఫ్టుల నేను కూడ లోపటనే పని చేస్త, ఇస్తారి కూడ చేస్తడు' అన్న.

ఆయిన కండువ తీసి మొకం తుడ్సుకొని, 'వైశాఖంల మంచి రోజులున్నయట, మీ అక్కకు రాయి' అన్నడు.

మధు